ద్వీపమెవ్వరిది?



గ్రిఫిన్ అను అమెరికా రచయిత 1986 మొదలు 2004 వఱకు పది సంపుటములుగా వెలువరించిన ‘ది కోర్’ నవలలు, ఓడల నుండి తీరమున దిగి పోరాడు మెరీను భటుల కథ. అది 1941 నాటి షాంఘైలో ఆరంభమై కొరియా యుద్ధము వఱకు సాగును. రచయిత కొలువు చేసినది సైన్యమునందే గాని మెరీను దళమునందు గాదు. అయినను అధికారుల అసూయలు, సరకుల చిక్కులు ఆయనకు బాగుగా తెలియును.

వకీలునగుటచే నేను కల్పిత సాక్షిని గూడ ప్రశ్నింపక విడువలేను. గ్వాడల్‌కెనాల్ ద్వీపమున మెరీనులు 1942 ఆగస్టు 7న దిగిరి. రెండు దినములకే, సరకంతయు దింపక మునుపే, ఓడలు మరలిపోయెను. భటులు శత్రువులు విడిచిపోయిన బియ్యము వండుకొని, దినమునకు రెండు పూటలే తినిరి. విజయములకన్న ఈ బియ్యపు ముచ్చటయే నన్ను కదల్చినది.

కాని ఆ ద్వీపమెవ్వరిది? జేకబ్ వూజా అను ద్వీపవాసి, పూర్వపు పోలీసు సార్జెంటు, జపాను సేనకు చిక్కెను. చెట్టునకు కట్టి బాయ్నెట్టుతో పొడిచినను నోరు విప్పలేదు. పండ్లతో కట్లు కొఱికి, ప్రాకుచు వచ్చి, మెరీనులను హెచ్చరించెను. ఆయన దేశము అప్పుడు బ్రిటిషు పాలనలోనిది. స్వాతంత్ర్యము 1978లోగాని రాలేదు. పరాయి ప్రభువుల యుద్ధమున నెత్తురు కార్చిన ఇట్టివానికి పది సంపుటములు వ్రాయువాడెవ్వడు?

మన పఠనాలయమువారు ఆ నవలల ప్రక్కనే సాలమన్ ద్వీపవాసుల యుద్ధస్మృతులకును చోటీయవలెనని కోరుచున్నాను.