దూరం వేరు, దారి వేరు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాళ్ళ పిల్లలు చాలామంది ఇవాళ అమెరికాలో ఉన్నారు. "ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమండీ, ఎన్ని గంటలు?" అని నన్ను తరచు అడుగుతుంటారు. వాయుసేనలో నావిగేటర్‌గా చేశాడు గదా, చిటికెలో చెప్పేస్తాడనుకుంటారు. దూరం చిటికెలో చెప్పొచ్చు. గంటలు చెప్పడమే కష్టం.

గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళకీ దారం బిగించి లాగండి. అది ఆర్కిటిక్ మీదుగా పోతుంది. సుమారు 12,400 కిలోమీటర్లు. దీన్నే మేము గ్రేట్ సర్కిల్ అంటాం. అయితే ఎయిరిండియా విమానం అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300కి పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది! కారణం గాలి. పై ఎత్తుల్లో జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

గాలితో బాటు సరిహద్దులూ ఉన్నాయి. 2019లో బాలాకోట్ తర్వాత కొన్ని నెలలు, మళ్ళీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మూసినప్పుడు, పడమటికి వెళ్ళే మన విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, గంటలు పెరిగాయి.

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలుసు. అనుభవంలోకి వచ్చింది 1998లో. అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నాను. నాన్నగారు పోయారని మధ్యాహ్నం ఫోనొచ్చింది. మా ఊరు బొబ్బిలి దగ్గర. పోర్ట్‌బ్లెయిర్ నుంచి విశాఖకి సూటిగా 1,225 కిలోమీటర్లే. కానీ నాకు దొరికిన దారి చెన్నై మీదుగా. మర్నాటి దాకా విమానం లేదు. ఎక్కితే రెండు గంటల చిల్లర. ఆ రాత్రి హౌరా మెయిల్, మూడోనాడు మధ్యాహ్నం విజయనగరం, అక్కణ్ణుంచి బస్సు. ఇల్లు చేరేసరికి రెండు రోజులు దాటింది. తమ్ముడు కొరివి పెట్టేశాడు. వేసవి, ఉంచడానికి వీల్లేకపోయింది. వాడి తప్పు లేదు.

అమ్మ ఒక్కటే అడిగింది: "నువ్వుండేది అంత దూరమేట్రా నాయనా?"

"దూరం తక్కువేనమ్మా, దారే పొడుగు" అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆమె అడిగింది కిలోమీటర్లు కాదు.

అందుకే మీకో మనవి. దూరానున్న మీ వాళ్ళకి విమానం గంటలు కాదు, గడప నుంచి గడపకి పట్టే గంటలు లెక్కేయండి. ఊరి నుంచి విమానాశ్రయం, అక్కడి నిరీక్షణ, మారే విమానం, దిగాక మళ్ళీ రోడ్డు. ఆ లెక్క కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. రాలేకపోతే ఎవరు ఏం చెయ్యాలో ఇంటిల్లిపాదీ ముందే మాట్లాడుకోండి. అశుభమనుకోకండి. సర్వీసులో ప్రతి సార్టీకి ముందు ప్రత్యామ్నాయ ఎయిర్‌ఫీల్డు రాసుకునేవాళ్ళం, అది అశుభమని ఎవరూ అనలేదు.

ఇంకో మాట. ఒంట్లో ఓపికున్నప్పుడే వెళ్ళి చూసి రండి. పిల్లల్నీ రమ్మనండి. కబురొచ్చాక బయల్దేరితే ఏ దారైనా పొడుగే.

సెలవు. జై హింద్.