వాకిట్లో దీపం

సంధ్యవేళ వాకిట్లో దీపం పెట్టడం మన ఇళ్ళలో అనాదిగా వస్తున్నదే. నూనెదీపమైతే నూనె అయిపోగానే అదే కొండెక్కేది. కరెంటు దీపానికి ఆ సుగుణం లేదు. మనం ఆర్పితే తప్ప తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది.

కాస్త లెక్క చూడండి. 60 వాట్ల పాతరకం బల్బు సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా వెలిగితే నెలకు దాదాపు 22 యూనిట్లు. దాని చోట 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు వేస్తే మూడు యూనిట్ల పైచిలుకు. అదీ రాత్రి 10 గంటలకు ఆర్పేస్తే ఒక్క యూనిట్టే. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఈ బల్బులు చాలా ఇళ్ళకు చేరాయి. అయితే ఓ చిత్రం జరిగింది. ఖర్చు తక్కువే కదా అని గేటుకి రెండు, పిట్టగోడకి రెండు, మేడమీద ఓ 30 వాట్ల ఫ్లడ్‌లైటు తగిలించాం. ఆ ఫ్లడ్‌లైటు ఒక్కటే నెలకు దాదాపు 11 యూనిట్లు లాగుతుంది. పైగా మన బిల్లులో శ్లాబులున్నాయి గదా, యూనిట్లు పెరిగేకొద్దీ పైయూనిట్ల ధర ఎక్కువ. వాకిట్లో మనం మిగిల్చేవి ఆ ఖరీదైన యూనిట్లేనన్నమాట.

అలాగని అన్నీ ఆర్పేయమని నేను చెప్పను. పామిడిముక్కల, మొవ్వ వైపు ఊళ్ళలో పెరడు దాటితే వరిచేలే. మనకు దిగువనున్న దివిసీమలో 2018 వానాకాలంలో పాముకాట్లు ఎంత బెంబేలెత్తించాయో మీకు గుర్తుండే ఉంటుంది. అర్ధరాత్రి పెరట్లో మరుగుదొడ్డికి వెళ్ళే ఆడపిల్లకీ, తెల్లవారుజామున పాలు పితకడానికి గొడ్లచావిడికి వెళ్ళే మీకూ కాలికింద నేల కనిపించి తీరాలి. ఆ దారిలో పొదుపు పనికిరాదు. చాలా ఇళ్ళలో ముందుగా ఆర్పేది మాత్రం దాన్నే! వీధివైపు దీపమైతే ఊరందరికీ కనబడుతుంది మరి.

అసలు చిక్కంతా స్విచ్చితోనే. పెరటి దీపం స్విచ్చి ముందుగదిలో ఉంటే నిద్రమత్తులో ఎవరు వెళ్ళి వేస్తారు? వెనకగుమ్మం లోపలి పక్కనే, పిల్లల చేతికి అందేలా పెట్టించండి. వెళ్ళేటప్పుడు వేసుకుని, వచ్చాక ఆర్పుకోవచ్చు. మనిషి దగ్గరకు రాగానే వెలిగే సెన్సారు దీపాలూ దొరుకుతున్నాయి. కుక్క వచ్చినా వెలుగుతాయనుకోండి, అయినా నయమే. చీకటిపడితే వెలిగి, తెల్లారితే ఆరే రకం వేరు. అది పగటి దుబారా ఆపుతుంది గాని రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. డిసెంబరులో మనకు రాత్రి దాదాపు 13 గంటలు!

మరొక్క మాట. దీపాన్ని సరిగ్గా గుమ్మం నెత్తిన పెట్టకండి. చేలగట్టు ఇళ్ళలో దీపానికి పురుగులు, పురుగులకోసం కప్పలు, కప్పలకోసం పాము. గుమ్మంలోకి పిలిచినట్టే! నాలుగడుగులు ఎడంగా, పైన రేకుడొప్ప పెట్టించి వెలుతురంతా నేలమీదే పడేలా బిగించండి. అప్పుడు 5 వాట్ల బల్బే సరిపోతుంది. తెల్లవెలుగుకన్నా పసుపువెలుగుకి పురుగులు తక్కువ చేరతాయి. నెలకోసారి మెయిన్ ఆపి, బల్బుమీది దుమ్మునీ చచ్చిన పురుగుల్నీ పొడిగుడ్డతో తుడవండి. ఆ మసక చూసే ఇంకా పెద్ద బల్బు తెస్తామంటారు ఇంట్లోవాళ్ళు.