నాణెం కన్నా పెట్టెకే గిరాకీ
(ఉప్పల్‌లో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నాచారానికి దగ్గరలోనే చర్లపల్లి టంకశాల ఉంది. 1997లో అక్కడ పని మొదలైంది; అంతకుముందు సైఫాబాదులో ఉండేది. రూపాయి బిళ్ళపై సంవత్సరం కింద నక్షత్రం కనిపిస్తే అది మన హైదరాబాదుదే. ఇలాంటివి ఏరి దాచేవాళ్ళు మనలో ఉన్నారు.

నా సరదా ఇంకాస్త వింతది. అమెరికాలో 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అనే సంస్థలు మొదలైనాయి. రుసుము తీసుకుని, నాణెం అసలుదో కాదో తేల్చి, 70కి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తాయి. ఆ పెట్టె ఎలా ఉంటుందో చూపడానికి మచ్చు పెట్టెలు పంచేవారు. లోపల ఏదో మామూలు చిల్లర, చీటీపై 'శాంపిల్' అన్న మాట. ఊరికే వచ్చినది ఎవరు దాస్తారు? చాలామంది పారేశారు. అందుకే కొన్ని రకాలు ఇప్పుడు అరుదు. బట్టల కొట్టువాడి మచ్చు గుడ్డముక్కలకు వేలంపాట పెట్టినట్లుంటుంది వ్యవహారం!

ఇంటివాళ్ళకు ఒక మనవి. ఆ పెట్టె పగలగొడితే మిగిలేది చిల్లరే. పాత నాణేలను చింతపండుతో తోమకండి, విలువ పోతుంది. పాత బిళ్ళకు లక్షలిస్తామని, ముందు కమీషనో పన్నో కట్టమని ఫోను వస్తే పెట్టేయండి. తమ పేరు వాడుకుని ఇలా వసూలు చేసేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. పోయేది పింఛను డబ్బు.

నేను ప్రతి పెట్టె కొన్న ధర నోటుబుక్కులో రాసి, మా కోడలికి చూపించాను. ఆవిడ కంటికవి ప్లాస్టిక్ డబ్బాలే, అది వేరే సంగతి. నాలుగు తెచ్చి వెనుక బల్లమీద పెట్టాను, చేత్తో పట్టుకుని చూడవచ్చు.