ఇంటి సెప్టిక్ ట్యాంకు: మన జాగ్రత్తలు
(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పశువుల కొట్టం ఎప్పుడు బాగుచేయవలెనో, ఇంజనుకు నూనె ఎప్పుడు మార్చవలెనో మీకు ఒకరు చెప్పనవసరం లేదు. కాని పెరట్లో భూమిలో ఉన్న సెప్టిక్ ట్యాంకు సంగతి అది పొంగేదాకా మనకు గుర్తురాదు. అప్పుడు తొందరపడి ఎవరినో పిలిచి లోపలికి దింపుతాము. ఆ తొందరలోనే ప్రాణాలు పోతున్నవి. ఆ తొందర రాకుండా ఏమి చేయవలెనో ఈ వేళ మనవి చేస్తాను.

ముందు ట్యాంకు పనిచేసే తీరు చూద్దాము. మరుగుదొడ్డి నుండి వచ్చినది ట్యాంకులో మూడు పొరలుగా నిలుస్తుంది. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది. జిడ్డు పైన తెట్టెగా తేలుతుంది. నడుమ నున్న నీరు మాత్రమే రెండవ గొట్టం గుండా ఇంకుడు గుంటకు పోవలెను. సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకే జీర్ణం చేస్తవి. మిగిలినది ఏటేటా పెరుగుతుంది. అది నీటితోబాటు ఇంకుడు గుంటలోకి పోయినదంటే నేల రంధ్రాలు పూడుకొనిపోతవి. ఆ తరువాత ట్యాంకు తీయించినా గుంట సరిగా ఇంకదు. నల్లరేగడిలో నీరు అసలే నెమ్మదిగా ఇంకుతుంది గనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

కాబట్టి రెండు మూడేండ్లకు ఒకసారి, పీల్చే యంత్రం గల ట్యాంకరుతో మడ్డి తీయించవలెను. నీటి లోతులో మూడవ వంతు మడ్డి చేరితే ఇక ఆలస్యం చేయరాదు. పొడవైన కర్రకు తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా దింపి తీస్తే, గుడ్డకు నల్లగా అంటిన మేరను బట్టి తెలియును. మూత తీసి కొంతసేపు గాలి ఆడనివ్వండి. ముఖం వంచి లోనికి చూడకండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

"దుకాణంలో దొరికే పొడి వేస్తే తీయించనక్కర లేదా?" అని కొందరు అడుగుతారు. ఏ పొడీ మడ్డిని మాయం చేయదు. ఫినాయిలు, ఆసిడ్ ఎక్కువగా పోయరాదు. పురుగుమందు కొట్టిన స్ప్రేయరును స్నానాల గదిలో కడగరాదు. ఆ మందుకు మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతవి. గుడ్డపీలికలు, ప్లాస్టిక్, వంటనూనె మరుగుదొడ్డిలో వేయరాదు.

గాలి గొట్టం కొనకు సన్నని జాలీ కట్టండి. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ ఇటువంటి మురుగు నీటిలోనే పెరుగుతుంది. ఇంకుడు గుంట త్రాగునీటి బావికి అరవై అడుగులకన్న దగ్గరగా ఉండరాదు.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. మనిషిని ట్యాంకులోకి దింపకండి. పాత నూతిలోకి దిగేముందు దీపం దింపి చూచే అలవాటు మనవారికి ఉన్నది. ఇక్కడ అది ప్రమాదం. ట్యాంకులో పుట్టే మీథేను అంటుకొనే వాయువు. దీపం గాని, బీడీ గాని దగ్గరకు రారాదు. హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేస్తుంది. అది మితిమీరితే ముక్కుకు వాసనే తెలియదు. వాసన లేదు గదా అని దిగినవాడు కేక వేసే వ్యవధి లేకుండా పడిపోతాడు. అతనిని తీయబోయి ఒకరి వెంట ఒకరు దిగి మరణించిన వారున్నారు. ఎవరైనా పడితే మీరు దిగక, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108 ఫోను చేయండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిచేత ట్యాంకు శుభ్రం చేయించుటను 2013 నాటి చట్టం నిషేధించినది. మొదటి తప్పుకే రెండేండ్ల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చును. కూలికి వచ్చినవాని ప్రాణం మన ఇంటివాని ప్రాణం వంటిదే గదా.

తీసిన మడ్డి ఎరువే గదా అని చేలో పోయించుకోకండి. పచ్చి మడ్డిలో ఏలికపాముల గుడ్లు చాలాకాలం బ్రతికి ఉంటవి. కూరగాయల ద్వారా మన కడుపులోకే తిరిగి వస్తవి. దానిని శుద్ధి కేంద్రానికే పంపవలెను.

ఇంటికి వెళ్ళగానే ఒక పని చేయండి. ట్యాంకు చివరిసారి తీయించిన తేదీ దగ్గరి గోడమీద వ్రాయండి. ఎవరికీ గుర్తులేకపోతే, తీయించవలసిన సమయం వచ్చినదనే అర్థం.