సలహా మాటున ఉత్తర్వు



తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చినా, మన చేతికందే కాగితాల్లో ఇంగ్లీషు పోలేదు. అందులోని సలహా మాటల అసలు అర్థం తెలుసుకోవాలి.

లైఫ్ సర్టిఫికెట్ గురించి ‘యూ ఆర్ అడ్వైజ్డ్ టు సబ్మిట్’ అని ఉత్తరం వస్తే, అది ఇరుగుపొరుగు చెప్పే సలహా కాదు. గడువులోగా ఇమ్మని మర్యాదగా చెప్పే ఉత్తర్వు. తాత్సారం చేస్తే పెన్షన్ ఆగుతుంది.

వైద్య ఖర్చుల బిల్లుపై ‘రికమెండెడ్’ అని ఉంటే సిఫార్సు మాత్రమే. ‘శాంక్షన్డ్’ అని ఉత్తర్వు వెలువడేదాకా ఆ డబ్బును నమ్ముకొని అప్పు చేయకండి.

మనం రాసే అర్జీలో ‘యూ హాడ్ బెటర్’ అంటే బెదిరింపులా ఉంటుంది. ‘మే కైండ్లీ బి కన్సిడర్డ్’ అంటే విన్నపమవుతుంది.

ఈ తేడాలు ఇంట్లో ఇల్లాలికీ చెప్పి ఉంచండి. రేపు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు చదవవలసింది ఆమే కావచ్చు. సెలవు.