గోదావరి గ్యాసు – మన చేతి సొమ్ము

(మన తెలుగు సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఎవరి ఆదాయ వ్యయాలు వారు వినడం మన ఆచారం. నాందేడు వచ్చి స్థిరపడినా ఆ ఆచారం మనం విడువలేదు. మేము కూడా ఈ సాయంకాలం ఆదాయ వ్యయాలను గురించే నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము.

మా ఆఫీసులో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన ఈ మధ్య ఒక కాగితం తెచ్చి చూపించారు. గ్యాసు ఆస్తులలో సొమ్ము పెట్టే ఒక ఫండు తాలూకు కాగితమది. “బాబూ, నూటికి ఏటా పది రూపాయలు చేతికి వస్తాయట. గ్రాట్యుటీ అంతా ఇందులో వేద్దామనుకుంటున్నాను” అన్నారు. వారింట పెళ్ళి కావలసిన ఆడపిల్ల వున్నది. అవునని గాని, కాదని గాని చెప్పడానికి ఆ సంగతి మాకూ తెలియదు. అందుచేత చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించినది మీ ముందు పెడుతున్నాము.

ఫండు అంటే నలుగురి సొమ్ము పోగుచేసి, ఒక మేనేజరు చేతిలో పెట్టి, అతని చేత ఆస్తులు కొనిపించడం. లాభం వచ్చినా, నష్టం వచ్చినా మనదే. మేనేజరు రుసుము మాత్రం ముందే తీసుకుంటారు. బ్యాంకు డిపాజిట్టుకు 5 లక్షల రూపాయల దాకా బీమా వున్నది. ఫండు యూనిట్లకు అటువంటిది లేదు.

ఇక గ్యాసు సంగతి. మన ఘాట్ల ప్రక్కగా పారే గోదావరి పోయి పోయి కోనసీమ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తీరానికి దూరంగా, సముద్రగర్భంలో 2002లో రిలయన్స్ సంస్థవారు గ్యాసు కనుగొన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలయింది. కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరిన గ్యాసును గుజరాత్‌లోని భరూచ్ దాకా పంపడానికి సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. అది తెలంగాణ, కర్ణాటక, మన మహారాష్ట్రల మీదుగా పోతుంది.

2010లో అక్కడ రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు వచ్చేది. ఇంకా పెరుగుతుందని అందరూ ఆశించారు. కాని బావులలో నీరు, ఇసుక చేరి, లోపలి ఒత్తిడి తగ్గి, ఉత్పత్తి ఏటేటా పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి క్షేత్రాలు మూతపడ్డాయి. ఆ ఏడు డిసెంబరు నుంచి ప్రక్కనున్న కొత్త క్షేత్రాల గ్యాసు రావడం మొదలైంది. ఆశ పెద్దదే కావచ్చును. భూమి అడుగున వున్నది మన అంచనా ప్రకారం నడవదు.

ఆ గొట్టపు మార్గాన్ని 2019 మార్చిలో ఇండియా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ట్రస్టు కొన్నది. కెనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డ్ వారు నిలబెట్టిన ట్రస్టు అది; తరువాత ఎనర్జీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ట్రస్టు అని పేరు మార్చుకున్నది. దాని యూనిట్లను మొదట పెద్ద పెట్టుబడిదారులకే అమ్మారు గాని మనబోటి సంసారులకు కాదు. అయినా అందులో మనకు ఒక పాఠం వున్నది.

రైల్వేవారికి ఇది సులభంగా బోధపడుతుంది. బియ్యం ధర పెరిగినా తగ్గినా రైలుకు దక్కేది కిరాయే. గొట్టపు మార్గం కూడా అంతే. వ్యాగన్లు ఖాళీగా పోతే కిరాయి రాదు గదా? అందుకని 20 ఏళ్ళపాటు కొంత చోటు తనకు కేటాయించుకుని, దానికి సొమ్ము చెల్లించేటట్లు రిలయన్స్ ఒప్పుకున్నది. ఇంతవరకు బాగానే వున్నది. కాని గడువు తీరిన తరువాత ఆ గొట్టపు కంపెనీ వాటాలను 50 కోట్ల రూపాయలకు తిరిగి తీసుకునే హక్కు కూడా రిలయన్స్‌కు వున్నది. కొన్నదేమో సుమారు 13,000 కోట్లకు!

అంటే ఏటేటా పంచే సొమ్ములో వడ్డీతో పాటు మదుపుదారుల అసలు కూడా కొంత కొంత తిరిగి వస్తున్నదన్నమాట. ఇందులో మోసం లేదు, అంతా కాగితాలలో వ్రాసివున్నదే. చదవకుండా అంతా వడ్డీయే అనుకుంటేనే చిక్కు.

ఒక లెక్క చూడండి. 100 రూపాయలు పెట్టాము. 20 ఏళ్ళు ఏటా 10 రూపాయలు వచ్చాయి. చివరకు అసలు ఏమీ మిగలలేదు. ఇది నూటికి పది వడ్డీ అనుకుంటాము. సరిగా లెక్కకడితే ఎనిమిదికి లోపే. పైగా వచ్చిన పదీ ఇంట్లో ఖర్చయిపోతే, ఇరవై ఏళ్ళకు చేతిలో చిల్లిగవ్వ వుండదు.

కాబట్టి ఇటువంటి కాగితం ఎవరు తెచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. సొమ్ము పెట్టేది బావిలోనా, గొట్టంలోనా, గ్యాసు ధర మీదనా? పంచే సొమ్ములో వడ్డీ ఎంత, అసలు ఎంత? అవసరం పడితే యూనిట్లు కొనేదెవరు, ఏ ధరకు? ఆ ఫండు సెబీలో నమోదైనదో కాదో కూడా చూడండి.

పెద్దాయన మూడు ప్రశ్నలూ వ్రాసుకుని ఆ ఏజెంటు దగ్గరకు వెళ్ళారు. మొదటిదానికి జవాబు వచ్చింది. రెండవదానికి “తరువాత చెబుతాను” అన్నాడట. పెద్దాయన పెళ్ళి సొమ్మును బ్యాంకులోనే వుంచారు. గ్యాసు ఫండు చెడ్డదని వారూ అనలేదు, మేమూ అనడం లేదు. పోయినా ఇల్లు కదలనంత సొమ్ముతో, తెలిసి పెట్టేవారు పెట్టవచ్చును.

మీలో ఎవరి దగ్గరనైనా అటువంటి కాగితం వుంటే, సంతకం చేయకముందు ఒక ఆదివారం సంఘానికి తీసుకురండి. నలుగురం కూర్చుని చదువుదాము. ఆదాయం పదునాలుగు, వ్యయం రెండుగా ఈ సంవత్సరం మీ అందరికీ గడవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.