పనివాని చేతికొక పత్రము

పూర్వము తాపీపనివానికి పత్రముతో నిమిత్తము లేకుండెను. వానిని మేస్త్రీ యెరుగును, మేస్త్రీని కాంట్రాక్టరెరుగును. ఒక కట్టడము ముగిసినంతనే ముఠా అంతయు మేస్త్రీ వెంట మరియొక కట్టడమునకు తరలిపోవుచుండెను. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు రాతికట్టడము అట్టి ముఠాల చేతులమీదుగనే లేచినది.

నేడు పని దూరమైనది. శ్రీకాకుళమువాడు చెన్నైకి పోవుచున్నాడు. జగిత్యాలవాడు దుబాయికి పోవుచున్నాడు. అచట వానిని ఎరిగిన మేస్త్రీ లేడు. మనిషికంటె ముందుగా వాని బయోడేటా పోయి చేరుచున్నది. అందులో ‘కూలిపని’ అను ఒక్క మాటయే యున్నచో, పది సంవత్సరములు ఇటుక కట్టినవాడును తట్ట మోయువాని కూలికే కుదురుకొనవలసి వచ్చును. చేతిలోని విద్య కాగితముమీదికి రానందున కలుగు నష్టమిది. కనుక ఈ పత్రమునుగూర్చి మనము కొంత ఆలోచింతము.

మొదటి సంగతి, పనికి సరియైన పేరు పెట్టుట. మనము రాడ్‌బెండరనువానిని గల్ఫు దేశములలో స్టీలు ఫిక్సరందురు. సెంట్రింగు వడ్రంగిని షట్టరింగు కార్పెంటరందురు. తాపీమేస్త్రీని మేసనందురు. ఉత్త ‘మేస్త్రీ’ అని వ్రాసినచో, వీడు గోడ కట్టువాడో, కూలీలను నడుపువాడో చదువువారికి తెలియదు. ఇచటి పేరును, అచటి పేరును రెండును వ్రాయుట మేలు.

రెండవది, చేసిన పనిని కొలతతో చెప్పుట. ‘కష్టపడి పనిచేయుదును, నమ్మకస్తుడను’ అని అందరును వ్రాయుదురు. దానివలన ఎవరికిని ఏమియు తెలియదు. ఇట్లు వ్రాసి చూడుడు: ‘తాపీపని, ఆరు సంవత్సరములు. తొమ్మిదంగుళముల ఇటుకగోడ, లోపలి వెలుపలి ప్లాస్టరింగు చేయుదును. తూకపుగుండు, రసమట్టము వాడుదును. హైదరాబాదులో ఐదంతస్తుల నివాసభవనము, 2021 నుండి 2023 వరకు.’ నాలుగు వాక్యములే. కాని చదివినవానికి కట్టడము కన్నులకు కట్టును. క్రొత్తగా పనిలో చేరువాడును చిన్నబోవలసిన పనిలేదు. ఇసుక జల్లించుట, మాలు కలుపుట, మిక్సరుకడ నిలుచుట, స్లాబునకు నీరు కట్టుట, ఇవియన్నియు పేరుగల పనులే.

పేరు, వయస్సు, ఫోను నంబరు, తెలిసిన భాషలు, పనులు, వానిని చేసిన చోట్లు, సంవత్సరములు. వీనికి ఒక పుట చాలును. విదేశమునకు పంపునపుడు పేరు పాసుపోర్టులోని అక్షరములతోనే యుండవలెను. ఆధారు సంఖ్యను ఈ పత్రముపై వ్రాయరాదు. అది ఎన్ని చేతులు మారునో మనమెరుగము.

ఇక సత్యము మాట. రాని పనిని వచ్చునని వ్రాసినవాడు ట్రేడ్ టెస్టులోనే దొరకిపోవును. అచట కడ్డీ నిచ్చి వంచి చూపుమందురు. ఇటుకలిచ్చి వరుస పేర్చుమందురు. ఆ పరీక్షను దాటినను ఆపద దాటదు. పరంజా కట్టుట తెలియనివాడు కట్టిన పరంజాపైకి తోటివాడెక్కును. ఇచట అబద్ధమునకు మూల్యము ప్రాణము.

స్త్రీల విషయమున మరియొక అన్యాయము జరుగుచున్నది. ఏండ్ల తరబడి కట్టడములలో పనిచేసిన స్త్రీని ‘హెల్పరు’ అని వ్రాసి ఊరకుందురు. ఆమెకు ప్లాస్టరింగు వచ్చునా, టైల్సు పరచుట వచ్చునా అని అడుగువారు తక్కువ. వచ్చినచో ఆ మాటయే మొదటి పంక్తిలో నుండవలెను. కూలిలో తేడా అచటనే మొదలగుచున్నది.

పత్రమునకు బలము సాక్ష్యము. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పనిలోనే నేర్చిన విద్యను పరీక్షించి ధ్రువపత్రమిచ్చు పద్ధతి ఏర్పడినది. హైదరాబాదులో 1998లో వెలసిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణపు పనులలో శిక్షణ నిచ్చుచున్నది. భవననిర్మాణ కార్మికులకై 1996లో చేసిన చట్టము, పండ్రెండు నెలలలో 90 దినములైనను పనిచేసినవారికి, 18 నుండి 60 ఏండ్ల నడుమ వయస్సువారికి, సంక్షేమమండలిలో నమోదగు హక్కు నిచ్చినది. చేసిన దినములను వ్రాసియుంచుకొనుట రెండు విధముల ఉపయోగపడునని దీనివలన తెలియుచున్నది. ఒక చోట పని ముగిసిన నాడే కాంట్రాక్టరుచేత రెండు పంక్తులు వ్రాయించి సంతకము తీసికొనవలెను. నెలలు గడచిన పిమ్మట వెదకిన ఆయన దొరకడు.

విదేశమునకు పోవువారు ఒక జాగ్రత్త వహింపవలెను. 1983 నాటి వలసల చట్టము ప్రకారము నమోదైన ఏజెంటునకే పత్రములీయవలెను. అవియును నకళ్ళు మాత్రమే. అసలు పత్రములు ఇంటనుండవలెను.

వ్రాయుట రానివారి మాట యేమి? ప్రతి వీధిలోను కళాశాలకు పోవు పిల్లలున్నారు. ఒక సాయంకాలము ప్రక్కయింటి పనివానిని కూర్చుండబెట్టుకొని, ‘మామా, నీవేమేమి కట్టితివి?’ అని అడిగి వ్రాసిపెట్టుడు. ఆతడు మొదట ‘ఏమున్నది, కూలిపని’ అనును. విడువక అడుగుడు. పాఠశాల గది, నీళ్ళట్యాంకు, వంతెన, ఒక్కొక్కటియే బయటికి వచ్చును. వానినన్నిటిని వరుసగా వ్రాసి, తిరిగి చదివి వినిపించి, ఆతడు ఔననిన పిమ్మటనే ఆతని చేతికీయుడు.